వేరుశనగ రికార్డు

రెండూ పది నుంచి రెండూ ఇరవై ఐదు దాకా డిటెక్టివ్ సామ్రాజ్యం ఏడు ప్రశ్నలు అడిగింది. జీవానందం ఒక్కదానికీ జవాబు చెప్పలేదు.

ఆమెకు కోపం రాలేదు. ఇరవై రెండేళ్ళు సీఐడీలో, ఆ తరువాత ఆరేళ్ళు నెల్లూరులో సొంతంగా డిటెక్టివ్ పని చేసింది. చాలా మౌనాలు చూసింది. తప్పు చేసినవాడు నోరు మూసుకున్నప్పుడు అతని కళ్ళు అడిగేవాళ్ళ ముఖం మీదే తిరుగుతుంటాయి. వీళ్ళకు ఎంత తెలుసు, ఇంకా ఎంత తెలియదు అని కొలుస్తుంటాయి. జీవానందం ఆమె వైపు చూడటమే లేదు. బల్ల మీద పెట్టిన తన రెండు చేతుల్నీ చూసుకుంటున్నాడు.

"మీ ఆవిడ లిల్లీ గారు పొద్దున మైపాడు నుంచి మొదటి బస్సుకు వచ్చి నా ఆఫీసు ముందు నిలబడ్డారు. ఆమెను ఇంటికి పంపించి నేనిటు వచ్చాను," అంది సామ్రాజ్యం. "నాలుగున్నరకు మిమ్మల్ని విజయవాడ తీసుకుపోతారు. అక్కడికి పోయాక నేను చేయగలిగింది తక్కువ. మళ్ళీ అడుగుతున్నా. పదకొండో తేదీ మధ్యాహ్నం మూడూ పది నుంచి మూడూ ఇరవై నాలుగు దాకా మీరెక్కడున్నారు?"

"ఆఫీసులోనే."

"మీ సీట్లోనా?"

అతని చూపు మళ్ళీ చేతుల మీదికి వెళ్ళిపోయింది.

రొయ్యల గుంటల మధ్య, అల్లూరు చివర ఉన్న ఆ రెండంతస్తుల భవనం పేరు సూచీ కేంద్రం. అంతర్జాతీయ అణు విజ్ఞాన గ్రంథాలయం కోసం మన దేశపు వ్యాసాలు, నివేదికలు చదివి ఒక్కోదానికి ఒక్కో రికార్డు తయారుచేయడం అక్కడి పని. శీర్షిక, సారాంశం, అది దేని గురించో చెప్పే విషయపదాలు, వాటి వెనక అసలు కాగితాల స్కాను. రోజూ నాలుగున్నరకు ఆ రోజు రికార్డులన్నీ ఒక కట్టగా విదేశంలోని ప్రధాన కార్యాలయానికి వెళ్తాయి. వెళ్ళిన నిమిషం నుంచి ప్రపంచంలో ఎవరైనా వాటిని తెరిచి చదువుకోవచ్చు.

పదకొండో తేదీ కట్టలో 'వేరుశనగ విత్తనాలపై గామా కిరణాల ప్రభావం' అనే రికార్డు ఒకటి వెళ్ళింది. పన్నెండు పేజీల వ్యాసం అని రాసి ఉంది. ఫైలు మాత్రం రెండు వందల పది పేజీలు. పదిహేను రోజుల తరువాత ప్రధాన కార్యాలయంలో ఒక ఉద్యోగి ఆ తేడా గమనించి తెరిచి చూశాడు. లోపల వేరుశనగ లేదు. కోస్తా పొడుగునా ఇసుకలో ఏ ఖనిజం ఎక్కడ, ఎంత లోతున ఉందో పటాలతో సహా చెప్పే ప్రభుత్వ రహస్య సర్వే ఉంది. మొదటి భాగం. అప్పటికే దాన్ని ఎవరో మూడుసార్లు దించుకున్నారు. అవతలివాళ్ళకు రికార్డు నంబరు ఒక్కటి చెప్తే చాలు. అందరూ తిరిగే గ్రంథాలయంలో ఎవరూ తీయని పుస్తకం మధ్య ఉత్తరం పెట్టినట్టు.

ఆ రికార్డు తయారైంది జీవానందం లాగిన్‌తో.

తలుపు తెరుచుకుంది. కేంద్ర దర్యాప్తు అధికారి నరేంద్రబాబు లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పదేళ్ళ కిందట సామ్రాజ్యం దగ్గర ఎస్సైగా చేసినవాడు. ఆ సంగతి ఇద్దరూ మరిచిపోలేదు; ఆమెను లోపలికి రానిచ్చింది అందుకే.

"అయిందా మేడమ్, మౌనవ్రతం?"

"ఒక్క జవాబు వచ్చింది నరేంద్రా. నీకు పొద్దుట్నుంచి ఎన్ని వచ్చినాయి?"

"నాకు జవాబులతో పనేంది? లాగిన్ ఇతనిది, మిషను ఇతనిది. టైము అందరూ టీకి పోయిన టైము. పోకుండా కూర్చున్నది ఇతనొక్కడు. శనక్కాయ ఒలిచినట్టు ఉంది కేసు."

"రెండో భాగం స్కాను ఎక్కడుందో తెలిసిందా?"

నరేంద్రబాబు గోడను వదిలి నిటారుగా నిలబడ్డాడు. "అదే ఇతను చెప్పాల. అది గూడా బయటికి పోయిందంటే ముందు నన్ను ఇంటికి పంపిస్తారు."

"కాగితాలు ఎక్కడివి?"

"ఈడివే. ఎప్పుడో నివేదిక పేరు మాత్రం నమోదు చేసుకోమని పంపిస్తే పై బీరువాలో పెట్టి తాళం వేసినారంట. ఎవరో తీసి స్కాన్ చేసి మళ్ళీ పెట్టేసినారు. ఇవన్నీ చంద్రమౌళి గారు చెప్తేనే మాకు తెలిసింది. ముప్పయ్యారేళ్ళు ఈడ చేసి, పెద్దాఫీసరుగా రిటైరైన మనిషి. పిలవంగానే వచ్చినాడు. పొద్దుట్నుంచి సర్వర్ గదిలో కూర్చుని మాకోసం పాత రికార్డులు గాలిస్తా ఉన్నాడు. సాయం చేయడమంటే అది."

సామ్రాజ్యం లేచింది. "ఈయన సీటు చూడాలి."

"చూసుకోండి. వేలిముద్రలు, ఫొటోలు అన్నీ అయిపోయినాయి. మీకు ఏం మిగల్చలా."

రెండూ యాభై. మేడ మీద హాల్లో పన్నెండు బల్లలు, ఒక్కో దాని మీద ఒక కంప్యూటరు. సామ్రాజ్యం కోసం అక్కడ ఒకే ఒక మనిషి ఎదురుచూస్తోంది. పేరు మెర్లిన్. ముప్పై నాలుగేళ్ళు ఉంటాయి. రికార్డులను కట్టలో వేసే ముందు తనిఖీ చేయడం ఆమె పని. ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది.

జీవానందం బల్ల మీద అరిగిపోయిన లావుపాటి పదకోశం, రెండు పెన్సిళ్ళు, ఒక కళ్ళజోడు గుడ్డ ఉన్నాయి. సామ్రాజ్యం అతని కుర్చీలో కూర్చుంది. ఎదురుగా కిటికీ లేదు. గోడే. ఇరవై ఏళ్ళు ఒక గోడ ముందు కూర్చుని ఇతరులు రాసింది చదివిన మనిషి లోపల ఏముంటుందో ఆమె ఊహించుకోబోయి ఆగింది. ఆమె తన సాయంత్రాలు కూడా దాదాపు అలాగే గడుపుతుంది.

"పదకొండో తేదీ రికార్డు తనిఖీ చేసింది నువ్వే కదమ్మా?"

"నేనే మేడమ్. చదివినాను. ఫైలు తెరవలేదు." మెర్లిన్ బల్ల మీది పదకోశాన్ని సర్ది పెట్టింది. "జీవానందం అన్న చేసినవి నేను తెరిచి చూడను. పదేళ్ళలో ఒక్క తప్పు దొరకలా నాకు. నేను తెరిచి ఉంటే ఆయనకు ఈ గతి పట్టేది గాదు."

"ఒక రికార్డుకు మీ అన్నకు ఎంతసేపు పడుతుంది?"

"నలభై నిమిషాలు. మొత్తం చదివిగానీ చేయడు."

"ఇది పద్నాలుగు నిమిషాల్లో అయింది."

"చదివేదానికి వ్యాసమే లేదు గదా మేడమ్. ఊరికే రాసేయడమే."

సామ్రాజ్యం రికార్డు ప్రతిని బల్ల మీద పరిచింది. "ఊరికే రాసినట్టుందా?"

మెర్లిన్ వంగి చదివింది. నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది. "లేదు. చానా బాగుంది. లేని వ్యాసానికి ఇంత మంచి సారాంశం... ఎవరు చూస్తారని ఇంత బాగా రాసినట్టు?"

ఎవరూ చూడరని తెలిసినా బాగా రాయకుండా ఉండలేని మనిషి. సామ్రాజ్యం ఆ ముక్కను మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

"పూర్తయిన రికార్డు కాకుండా, ఆ పద్నాలుగు నిమిషాల్లో కీబోర్డు మీద ఏం కొట్టారో తెలిసే వీలుందా?"

"లాగ్‌లో ఉంటుంది, మిషను ప్రతిదీ రాసిపెట్టుకుంటుంది. ఎవరూ అడగలా నన్ను."

"నేను అడుగుతున్నా."

అయిదు నిమిషాలకు ప్రింటర్ ఒక కాగితం వదిలింది. మెర్లిన్ దాన్ని తీసుకుని వస్తూ వస్తూ నడవలోనే ఆగిపోయింది.

"ఇదేంది, ఇట్టా కొట్టినాడు?"

కాగితం మీద విషయపదాలు వరసగా ఉన్నాయి. వేరుశనగ, నూనెగింజలు, పంటలు. దాని కింద గామా కిరణాలు, వికిరణం.

"ఇందులో తప్పేముంది?"

"పదకోశంలో ప్రతి మాటకీ పైన ఒక పెద్ద మాట ఉంటుంది మేడమ్. వేరుశనగ పైన నూనెగింజలు, దాని పైన పంటలు. మేము వేరుశనగ అని ఒక్కటే కొడతాం. పైవన్నీ మిషను తనే చేరుస్తుంది. చేత్తో కొడితే తిట్లు పడతాయి. పూర్తయినాక చూస్తే రెండూ ఒకేరకంగా కనపడతాయి, అందుకే నాకు తెలీలా. అన్న ఇట్టా కొట్టడు. ఈ హాల్లో ఎవరూ కొట్టరు."

"కొత్తగా చేరినవాళ్ళు?"

"కొత్తోళ్ళకి ఈ మెట్లు యాడ తెలుస్తాయి? కింద నుంచి పైకి ఒక్కటి తప్పకుండా, పదకోశం చూడకుండా కొట్టినాడు. చూడండి, మాటకీ మాటకీ మధ్య రెండు సెకన్లు లేదు."

"మిషను ఈ పని ఎప్పటినుంచి చేస్తోంది?"

"రెండువేల నాలుగు నుంచి. అన్న చేరింది అయిదులో. నేను పద్నాలుగులో."

"నాలుగుకు ముందు?"

"అప్పుడు పెద్ద పెద్ద కాగితాల మీద అన్నీ చేత్తోనే రాసేవాళ్ళంట. మెట్టు మెట్టుకీ." చెప్తూ చెప్తూ మెర్లిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అప్పటివాళ్ళు ఎవరూ లేరు మేడమ్ ఇప్పుడు. అందరూ రిటైరైపోయినారు."

సామ్రాజ్యం కాగితం మడిచింది. మనిషి మనసు నియమాలు మార్చుకుంటుంది, ఇతరులకు నేర్పుతుంది కూడా. తొందరలో, భయంలో, పక్కన ఎవరూ లేనప్పుడు చెయ్యి మాత్రం తను మొదట నేర్చుకున్న దారినే పోతుంది. ఇక్కడ ఎవరిదో చెయ్యి పాతికేళ్ళ వెనక్కి పోయింది.

హాలు గుమ్మంలో ఒక కానిస్టేబుల్ కనిపించాడు. మెర్లిన్ వాంగ్మూలం రాయించాలి, వరండాలోకి రమ్మన్నాడు.

మూడూ ఇరవై ఎనిమిదికి సామ్రాజ్యం మళ్ళీ జీవానందం ఎదుట కూర్చుంది. ఈసారి ప్రశ్న అడగలేదు. లాగ్ కాగితాన్ని అతని చేతుల మధ్య పెట్టింది.

అతను చదివాడు. అయిదే మాటలు. రెండు నిమిషాలు చదివాడు. అతని ముఖంలో ఆశ్చర్యం లేదు. చనిపోయారని ముందే తెలిసిన మనిషి శవాన్ని చూస్తున్నట్టుంది.

"మీకు ఇది ఇప్పుడు తెలిసింది కాదు," అంది సామ్రాజ్యం. "పొద్దున నరేంద్రబాబు రికార్డు చూపించినప్పుడే తెలిసింది. ఎలా తెలిసింది?"

"సారాంశం." ఆ మాట అతనికి తెలియకుండానే వచ్చింది. "ఫలితం ముందు చెప్పి, పద్ధతి తరవాత చెప్పేది. అట్టనే రాయాలని..."

"ఎవరు చెప్పారు?"

అతను కాగితాన్ని వెనక్కి తోశాడు.

"మీ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"నేను ఎవరికీ చెప్పలా."

"ఆఖరిసారి ఎప్పుడు మార్చారు?"

"మార్చలా. చేరిననాడు పెట్టిచ్చిందే."

"పెట్టిచ్చింది ఎవరు?"

జీవానందం ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. బయట ఒక జీపు ఇంజను మొదలై ఆగిపోయింది. అతను గోడతోనే మాట్లాడాడు.

"మా నాయన పడవ మీద పోయేవాడు మేడమ్. నేను డిగ్రీ చేసి మూడేళ్ళు ఊరికే తిరిగినాను. వలలకాడ కూర్చుంటే నవ్వేవాళ్ళు. నన్ను తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టి, చదవడమంటే ఏందో నేర్పించినారు. ఏడాది పాటు, రోజూ. ఇంక అడగబాకండి. నన్ను తీసుకుపోనీండి."

"మరి లిల్లీ గారి సంగతి?"

అతను కళ్ళు మూసుకున్నాడు.

సామ్రాజ్యం ఒత్తిడి చేయలేదు. తనను మనిషిని చేసినవాడు దొంగ అని ఒప్పుకుంటే, అతను చేసిన ఆ మనిషి ఏమవుతాడు? జీవానందానికి జైలు అంతకంటే తేలికగా కనిపిస్తోంది. అలాంటివాడు తనకోసం నోరు విప్పడు. గడియారం మూడూ యాభై రెండు చూపిస్తోంది.

నరేంద్రబాబు సంకెళ్ళతో వచ్చాడు. "బండి సిద్ధం."

సామ్రాజ్యం లాగ్ కాగితం అతనికిచ్చి, మెర్లిన్ చెప్పిందంతా చెప్పింది. అతను చివరిదాకా విని నవ్వాడు.

"మూడు మాటలు ఎక్కువ కొట్టినాడని మనిషిని వదిలేయమంటారా? కోర్టులో ఏం చెప్పమంటారు? వేరుశనగ పక్కన నూనెగింజలు పెట్టినాడు, అందుకని వీడు కాదు అనా?"

"ఇది రెండువేల నాలుగుకు ముందు నేర్చుకున్న చెయ్యి."

"అప్పటివాళ్ళలో ఈ ఊళ్ళో ఉన్నది చంద్రమౌళి గారొక్కరే. ఆయన్ని అంటున్నారా మీరు? పొద్దుట్నుంచి మాకు దారి చూపిస్తా ఉన్న మనిషిని?"

"నేను ఎవర్నీ అనలేదు. ఇట్టా కొట్టిన రికార్డులు ఇంకెన్ని ఉన్నాయో మెర్లిన్ లాగ్‌లో వెతుకుతుంది. ఇరవై నిమిషాలు ఇవ్వు."

"పది."

"పదిహేను. నీకు రెండో భాగం కావాలా వద్దా?"

నరేంద్రబాబు సంకెళ్ళు జేబులో వేసుకున్నాడు. "ఇతను గూడా నా కళ్ళముందే ఉండాల."

వరండాలో ఉన్న మెర్లిన్‌ను పిలుచుకుని నలుగురూ మేడ మీదికి వెళ్ళారు. మెర్లిన్ తన బల్ల దగ్గర కూర్చుని ఈ ఏడాది లాగ్ మొత్తం మీద ఒకే షరతు పెట్టింది. చిన్న మాట తరువాత దాని పై మెట్టు చేత్తో కొట్టిన రికార్డులు. తెర చాలాసేపు ఖాళీగా ఉంది. తరువాత రెండు వరసలు వచ్చాయి.

మొదటిది పదకొండో తేదీ. వేరుశనగ.

రెండోది ఇవాళ. 'నిల్వ ఉంచిన ఉల్లిపై వికిరణ ప్రభావం.' ఉల్లి, కూరగాయలు, ఆహారం. తొమ్మిది పేజీల వ్యాసం. ఫైలు నూట తొంభై ఎనిమిది పేజీలు. సమయం మూడూ నలభై రెండు. లాగిన్ దగ్గర మెర్లిన్ పేరు ఉంది.

"నేను కాదు," అంది మెర్లిన్. నరేంద్రబాబును కాకుండా జీవానందాన్ని చూసి చెప్పింది. "నేను కాదన్నా. నాకు తెలీదు ఇది."

"మూడూ నలభై రెండుకు ఈ అమ్మాయి వరండాలో మీ కానిస్టేబుల్ ముందు ఉంది," అంది సామ్రాజ్యం. "ఈయన నా ముందు ఉన్నాడు."

జీవానందం తెర దగ్గరికి వచ్చాడు. ఉల్లి, కూరగాయలు, ఆహారం. కింద మెర్లిన్ పేరు. ఆ పేరు దగ్గర వేలు పెట్టాడు, నిజంగా ఉందో లేదో చూస్తున్నట్టు.

"నీ పాస్‌వర్డు గూడా సారే పెట్టిచ్చినారా?" అని అడిగాడు.

మెర్లిన్ తల ఊపింది.

అతను నరేంద్రబాబు వైపు తిరిగాడు. గొంతు మామూలుగానే ఉంది. "పదకొండో తేదీ చంద్రమౌళి సార్ వచ్చినారు. ప్రతి బుధవారం వస్తారు, చదువుకునేదానికి. గేటు రిజిస్టర్లో ఉండదు. సార్‌ని సంతకం పెట్టమని ఎవరడుగుతారు? నా కుర్చీ ఇచ్చి నేను పోయి పుస్తకాల గదిలో కూర్చున్నాను. ఎప్పుడూ అట్టనే చేస్తాను."

నరేంద్రబాబు గుమ్మం వైపు తిరిగాడు. "మిషను నేనే ఇచ్చినా," అన్నాడు, తనలో తనే. "సర్వర్ గది తాళం గూడా నేనే తీసినా."

నాలుగూ పన్నెండు. సర్వర్ గది తలుపు గడియ వేసి లేదు. చంద్రమౌళి వీపు నిటారుగా పెట్టి తెర ముందు కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, పల్చటి మనిషి. పాదాల చప్పుడు విని కూడా చదువుతున్న వాక్యం పూర్తి చేసి అప్పుడు తిరిగాడు. పోలీసును చూడలేదు, సామ్రాజ్యాన్ని చూడలేదు.

"నువ్వు చెప్పవనుకున్నాన్రా," అన్నాడు జీవానందంతో.

"చెప్పగూడదనే అనుకున్నా సార్. మెర్లిన్ పేరు పెట్టినారు మీరు."

పెద్దాయన తెర ముందు నుంచి కుర్చీ వెనక్కి జరిపాడు. మెర్లిన్ పక్క మిషను దగ్గర నిలబడే పని చేసింది. నాలుగూ పదిహేడుకు ఉల్లి రికార్డు కట్టలోంచి బయటికి వచ్చింది.

"ఎందుకు?" అని అడిగింది సామ్రాజ్యం. ఆమెకు ఆ ప్రశ్న కేసు కోసం అక్కర్లేదు.

"డెబ్బై వేల రికార్డులు చేసినానమ్మా. ఎవరు ఏం కనిపెట్టినా, అది ఎక్కడుందో లోకానికి చెప్పింది నేను. ఒక్కదాని మీద నా పేరు లేదు. రిటైరైన రోజు దండ వేసి, పేరు తప్పు చదివినారు. తరవాత ఒకతను వచ్చి, మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదంట గదా అన్నాడు. ఆ మాట ఎవరన్నా అంటారేమోనని ఎన్నేళ్ళు కూర్చున్నానో నాకే తెలీదు." ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆపేసినారా దాన్ని?"

"ఆపేశాం."

"ఆపకుండా ఉంటే బాగుండేది. సోమవారం పంపాల్సింది. ఇవాళ నాలుగున్నర ఆఖరని చెప్పినారు. రాకపోతే మనిషి కోసం వస్తామన్నారు."

"మిమ్మల్ని మేము చూసుకుంటాం లే," అన్నాడు నరేంద్రబాబు.

"నన్ను చూసినతను మధ్యవర్తే, కొనేవాళ్ళకు నేనెవరో తెలీదు నాయనా. వాళ్ళతో అంతా ఫోన్లోనే. ఇంకో పేరు చెప్పినాను." చంద్రమౌళి తల వంచుకున్నాడు. "జీవానందం అని చెప్పినాను. మైపాడు అని."

జీవానందం చెయ్యి చాచాడు. నరేంద్రబాబు తమ దగ్గర పెట్టుకున్న అతని ఫోను సంచిలోంచి తీసి ఇచ్చాడు. అది వెలగడానికి పట్టిన సమయం చాలా పొడుగ్గా అనిపించింది. నాలుగూ ఇరవై ఒకటికి లిల్లీ ఎత్తింది. సామ్రాజ్యం స్పీకరు నొక్కింది.

"నువ్వేనా? వదిలేసినారా నిన్ను?" లిల్లీ గొంతులో తేలిక ఉంది. "నేను అనుకున్నా. లాయర్లంట, ఇద్దరు వచ్చినారు ఇంటికి. నిన్ను విడిపిస్తారంట. నువ్వు ఏదో కాగితాల కట్ట దాచినావంట గదా, అది దొరికితే చాలన్నారు. బీరువా తీసిచ్చినా, చూస్తా ఉన్నారు. చానా మర్యాదస్తులు. ఇరుగుపొరుగు వచ్చి కూర్చుంటే పని సాగదని తలుపు గడి గూడా వాళ్ళే వేసినారు."

జీవానందం గుమ్మం వైపు కదిలాడు. సామ్రాజ్యం అతని మోచెయ్యి పట్టుకుని, మాట్లాడుతూనే ఉండమని సైగ చేసింది.

"కాఫీ... కాఫీ ఇచ్చినావా వాళ్ళకు?" అన్నాడతను.

"ఇస్తా ఉన్నా. నాలుగున్నరకు వాళ్ళకు ఫోనొస్తుందంట. అది రాంగానే పోతామన్నారు."

నరేంద్రబాబు అప్పటికే గుమ్మంలో నిలబడి మైపాడుకు దగ్గర్లోని ఇందుకూరుపేట పోలీసు స్టేషన్‌తో తగ్గు గొంతుతో మాట్లాడుతున్నాడు. పెట్టేసి వచ్చాడు. ముఖం చూడగానే సామ్రాజ్యానికి అర్థమైంది.

"ఎంతసేపు?"

"పావుగంట. తొందరగా పోతే."

నాలుగూ ఇరవై మూడు. ఉల్లి రికార్డు రాలేదని ఆ ఫోను చెప్పడానికి ఇంకా ఏడు నిమిషాలు. సామ్రాజ్యం మెర్లిన్ వైపు తిరిగింది.

"ఆ రికార్డు మళ్ళీ కట్టలో వేయడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది?"

నరేంద్రబాబు రెండంగల్లో వచ్చి కీబోర్డు మీద అరచెయ్యి పరిచాడు. మెర్లిన్ అతన్ని చూడలేదు, ఫోను పట్టుకున్న జీవానందాన్ని చూసింది.

"నాలుగు," అంది.